కరవది నుంచి శ్రీరంగానికి: షేక్ చినమౌలానా సాహెబ్ నాదయాత్ర

మాసి మాసంలో కారమడై రంగనాథస్వామివారి తేరు కదిలే రోజున, కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం వరకు గల పల్లెలలోని తెలుగు కుటుంబాలు అక్కడికి చేరడం తాతముత్తాతల నాటి ఆచారం. కాగడాలు పట్టిన దాసుల సేవ, అరటిపండ్ల కవళం, గోవింద నామస్మరణ, ఇవన్నీ ఆ పండుగకు శోభ. అయితే తేరు కంటికి కనిపించక ముందే దాని రాకను చెవికి తెలిపేది నాదస్వరం. పెళ్లిలోనూ అంతే. గెట్టిమేళం మ్రోగనిదే తాళికట్టు లేదు. ఇంతగా జీవితంలో కలిసిపోయిన వాద్యాన్ని వాయించేవారెవరో, వారు ఎవరి వద్ద ఎన్నేళ్లు నేర్చుకొన్నారో అడిగేవారు మాత్రం తక్కువ. పందిరి క్రింద భోజనాల హడావుడిలో వారి పేరు కూడా ఎవరికీ పట్టదు.

అటువంటి వాద్యానికి దేశమంతా తలయెత్తి చూసే గౌరవం తెచ్చినవారిలో ఒక తెలుగువాడు ఉన్నారు. పుట్టింది ఒంగోలు దగ్గరి పల్లెలో. స్థిరపడింది శ్రీరంగంలో. పుట్టుకచేత ముస్లిం, ఆచరణలోనూ ముస్లిం. వాయించింది రంగనాథుని సన్నిధిలో. ఆయన షేక్ చినమౌలానా సాహెబ్.

కొండ దిగి మేట్టుపాళయం ప్రక్కగా పారే భవానీ నది, భవాని పట్టణం దగ్గర కావేరిలో కలుస్తుంది. ఆ కావేరి మరింత దిగువన రెండు పాయలుగా చీలి శ్రీరంగాన్ని చుట్టుకొంటుంది. కారమడై రంగనికీ శ్రీరంగం రంగనికీ నడుమ ఆ విధంగా నీటి బంధుత్వం ఉన్నది. చినమౌలానా జీవితం ఆ రెండవ రంగని నీడలో గడిచినా, కన్నడ, తమిళ సీమలలో తరతరాలుగా కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు ఆ కథ పరాయిది కాదు.

ఆయన 1924 మే 12న కరవదిలో జన్మించారు. ఈనాడు అది ప్రకాశం జిల్లాలోని గ్రామం. ఆయన పుట్టిననాటికి ప్రకాశం జిల్లాయే లేదు. ఒంగోలు ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది. వేరు జిల్లా ఏర్పడింది 1970లో. ఆ కుటుంబంలో నాదస్వర విద్య సుమారు మూడు వందల సంవత్సరాలుగా తండ్రి నుంచి కొడుకుకు వస్తున్నదని ప్రసిద్ధి.

ఇక్కడ ఒక సంగతి వివరించవలసి ఉన్నది. తమిళనాట నాదస్వరం ప్రధానంగా ఇసై వేళాళర్ కుటుంబాల విద్య. కోస్తా ఆంధ్రలో, ముఖ్యంగా గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో, ఆ విద్యను నిలబెట్టినవారిలో ముస్లిం కుటుంబాల వాటా చాలా పెద్దది. వారిలో పలువురు దూదేకులవారు. ఇంట మాట్లాడేది తెలుగే. రామాలయంలో శ్రీరామనవమి కల్యాణానికి వాయించేది వారే, ఊరిలో పెళ్లికి మేళం కట్టేది వారే. పిల్లవాడు ఉదయం నమాజు చూసి, సాయంత్రం త్యాగరాజ కీర్తన సాధన చేసి పెరుగుతాడు. బయటివారికి ఇది వింతగా తోచవచ్చునేమో గాని, ఆ ఊళ్లలో దీనిని ఎవరూ వింతగా చూడలేదు. ఈ పరంపరకు చిలకలూరిపేట పుట్టిల్లు వంటిది.

చినమౌలానాకు తొలి గురువు తండ్రి కాసిం సాహెబ్. తరువాత చిలకలూరిపేటకు చెందిన ప్రఖ్యాత విద్వాంసుడు షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు. అంతటితో ఆగినా ఆయనకు బ్రతుకుతెరువుకు లోటుండేది కాదు. పెళ్లిళ్లకు, ఉత్సవాలకు పిలుపులు వచ్చేవి, సొంత జిల్లాలో మంచి పేరుతో జీవితం గడిచిపోయేది. ఆగకపోవడంలోనే ఆయన విశిష్టత ఉన్నది.

నాదస్వరం చూడడానికి సరళమైన వాద్యమే. ఆచ్చా అనే గట్టి కర్రను తొలిచి చేస్తారు. పాత ఇండ్లను విప్పినప్పుడు దొరికే దూలాలు, ఏళ్ల తరబడి ఎండి బిగిసినవి కనుక, ఇందుకు శ్రేష్ఠమంటారు. వ్రేళ్లతో మూసి తెరిచేందుకు ఏడు రంధ్రాలు ఉంటాయి. అడుగున ఉండే మరికొన్ని రంధ్రాలను మైనంతో పూడ్చి శ్రుతిని సరిచేసుకొంటారు. నోట పెట్టుకొనే సీవాళి కావేరీ తీరపు రెల్లుజాతి గడ్డితో చేసినది. కుంభకోణం దగ్గరి నరసింగంపేటలో ఈ వాద్యాన్ని తయారుచేసే వంశాలవారు నేటికీ ఉన్నారు; అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది.

సరళంగా కనిపించే ఈ గొట్టంలో కష్టమంతా ఊపిరిది. వీణకు మెట్లున్నాయి, హార్మోనియానికి మీటలున్నాయి. నాదస్వరంలో స్వరానికి స్వరానికి నడుమ ఉండే సూక్ష్మమైన నాదాన్ని, గమకాన్ని, పెదవుల బిగువుతోను, ఊపిరి ఒత్తిడితోను, రంధ్రాన్ని సగమో పాతికో మూసిన వ్రేలితోను పుట్టించవలసిందే. ఆ పైన అది ఆరుబయట, తవిల్ ధ్వనిని దాటుకొని, వీధి చివరి వరకు వినబడాలి. తెలుగువారు డోలు అని పిలుచుకొనే ఆ తవిల్ ఉరుమువంటిది. అంత గట్టిగా ఊదుతూ మెత్తగా వినిపించడం ఎంతటి సాధనో ఊహించుకోవచ్చును.

ఆ సాధనను పరాకాష్ఠకు చేర్చినవారు తిరువావడుతురై రాజరత్నం పిళ్ళై. ఆయన 1898లో పుట్టి 1956లో మరణించారు. పూర్వం వాడుకలో ఉన్న తిమిరి అనే పొట్టి, హెచ్చు శ్రుతి నాదస్వరాన్ని విడిచి, బారి అనే పొడవైన, తగ్గు శ్రుతి వాద్యాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. అందులో శుద్ధ మధ్యమం సరిగ్గా పలికేటట్లు వాద్యాన్ని తీర్చినవారు నరసింగంపేట రంగనాథన్ ఆచారి. రాజరత్నం పిళ్ళై తోడి రాగం గ్రామఫోను రికార్డు ఆ రోజులలో దక్షిణదేశమంతటా మారుమ్రోగింది. ఆ బాణీ చినమౌలానాను జీవితాంతం పట్టి ఉంచింది. ఆయన వాద్యంలోని రాగాలాపనను విన్నవారు ఆ ప్రభావాన్ని ఇట్టే గుర్తుపడతారు.

రేడియో వచ్చిన క్రొత్త రోజులవి. మద్రాసు కేంద్రం 1938లో, తిరుచిరాపల్లి కేంద్రం 1939లో ప్రారంభమయ్యాయి. తెలుగువారికి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న గాని రాలేదు. అంతవరకు నాదస్వరం వినాలంటే గుడికో పెళ్లికో వెళ్లవలసిందే, లేదా గ్రామఫోను ఉన్న ధనవంతుల వాకిట నిలవవలసిందే. రేడియో పెట్టె వచ్చిన తరువాత తెల్లవారుజామున మంగళవాద్యం ఇంటింటికీ వచ్చింది. వీధి చివరి ధ్వని కోసం పుట్టిన వాద్యం నాలుగు గోడల మధ్య, తవిల్ సందడిని కొంత తగ్గించుకొని, చెవి దగ్గరగా వినిపించింది. పెళ్లి హడావుడిలో ఎవరూ గమనించని రాగపు అందాలు అప్పుడు తెలిసివచ్చాయి. తరువాతి కాలంలో చినమౌలానా నాదస్వరాన్నీ ఆకాశవాణి ఈ విధంగానే ఇండ్లకు చేర్చింది.

కావేరీ తీరపు దేవాలయాలలో ఉత్సవ మూర్తి రాత్రి ఊరేగింపుకు బయలుదేరితే నాలుగు మాడవీధులు తిరిగి వచ్చేసరికి తెల్లవారుతుంది. ఆ సమయమంతా నాదస్వర విద్వాంసునిదే. ఒక కూడలిలో స్వామి నిలిస్తే అక్కడ ఒకే రాగాన్ని గంటల తరబడి ఆలపించే అవకాశం. వినేవారూ కదలరు. తంజావూరు నాదస్వరంలోని రాగవిస్తారం ఆ వీధులలో పుట్టింది. పెళ్లిలో అటువంటి తీరిక ఎక్కడ దొరుకుతుంది? ముహూర్తం, కన్యాదానం, భోజనాలు, వీటి నడుమ కీర్తనను చప్పున ముగించవలసి వస్తుంది. ఆ రాగవిద్యను దాని మూలస్థానంలోనే నేర్వాలని చినమౌలానా నిశ్చయించుకొన్నారు.

అందుకై ఆయన వెళ్లినది కుంభకోణం సమీపంలోని నాచ్చియార్‌కోవిల్‌కు. మన పూజగదులలోని ఇత్తడి కుత్తువిళక్కులలో అనేకం ఆ ఊరి పనివారు పోతపోసినవే. తవిల్ విద్వాంసులలో అగ్రగణ్యుడైన రాఘవ పిళ్ళై ఊరూ అదే. అక్కడి నాదస్వర సోదరులు రాజం, దురైక్కణ్ణు గార్ల వద్ద చినమౌలానా శిష్యరికం చేశారు. అప్పటికే చేతిలో విద్య ఉన్నవాడు, వంశం పేరు ఉన్నవాడు, పరాయి భాష మాట్లాడే ఊరిలో, వేరొక మతం, వేరొక కులం గురువుల ఎదుట మరల మొదటి పాఠం నుంచి కూర్చున్నాడన్నమాట. వచ్చినదాన్ని మరచి మళ్లీ నేర్చుకోవడం రానిదాన్ని నేర్చుకోవడం కంటె కష్టం. ఊపిరి పట్టు మారాలి, వ్రేలి వాలు మారాలి. గురువుల గొప్పతనం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తమ వంశాలలోనే దాచుకొని ఉండగల విద్యను వారు ఆంధ్రదేశపు ముస్లిం యువకునికి దాపరికం లేకుండా ఇచ్చారు.

ఆ కాలపు తమిళనాట భాష విషయంలో వాతావరణం ఎలా ఉండేదో గుర్తు చేసుకోవడం అవసరం. కచేరీలలో తెలుగు కీర్తనలే మిక్కిలిగా వినిపిస్తున్నాయని, తమిళ పాటలకు తగిన స్థానం కావాలని 1940లలో తమిళ ఇసై ఉద్యమం బలంగా సాగింది. రాజా అన్నామలై చెట్టియారు పూనికతో 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. తమ భాషలో పాట వినాలన్న కోరికను తప్పు పట్టనవసరం లేదు; తమిళనాట ఇంట తెలుగు నిలుపుకొన్న కుటుంబాలకు ఆ కోరిక ఎటువంటిదో బాగా తెలుసు. అయితే నాదస్వరానికి ఈ తగవు అంటలేదు. దానికి మాట లేదు. త్యాగయ్య కృతి అయినా, తమిళ తిరుప్పుగళ్ అయినా, గొట్టం నుంచి వెలువడేది నాదమే.

మాట లేదన్నంత మాత్రాన మాట తెలిసిన ప్రయోజనం లేకపోలేదు. తెలుగు సాహిత్యం అర్థమైన విద్వాంసునికి కీర్తనలో ఎక్కడ ఊపిరి తెంచరాదో, ఏ పదాన్ని ముక్కలు చేయరాదో ఎవరూ చెప్పనవసరం లేదు. తమిళ విద్వాంసులు ఎందరో ఆ సాహిత్యాన్ని శ్రద్ధగా నేర్చుకొని వాయించారు. చినమౌలానాకు అది తల్లి భాష. శ్రీరంగనాథునిపై త్యాగయ్య కాంభోజిలో చేసిన కృతి మొదలుకొని ఆ క్షేత్రానికి సంబంధించిన ఎన్నో కీర్తనలు తెలుగులోనే ఉన్నాయి. శ్రీరంగం ఆలయంలో నేటికీ విగ్రహరూపంలో నిలిచి ఉన్న మధుర నాయక ప్రభువు విజయరంగ చొక్కనాథుడు కూడా తెలుగు వాడే, తెలుగులో రచనలు చేసినవాడే. అందుచేత శ్రీరంగానికి వచ్చిన తెలుగు కళాకారుడు అక్కడ పూర్తిగా పరదేశి కాడు.

రంగనాథునిపై భక్తితోనే చినమౌలానా శ్రీరంగంలో స్థిరనివాసం ఏర్పరచుకొన్నారు. ఏడు ప్రాకారాలు, 21 గోపురాలు గల ఆ క్షేత్రంలో, శతాబ్దాలుగా మొండిగా మిగిలిపోయిన రాజగోపురం సుమారు 236 అడుగుల ఎత్తుకు పూర్తి అయి 1987 మార్చిలో కుంభాభిషేకం జరుపుకోవడం కూడా ఆయన జీవితకాలంలోనే జరిగింది. ఇస్లాం ధర్మాన్ని ఆయన విడువలేదు. రామునిపై, రంగనిపై, సంగీతానికి అధిదేవత అయిన శారదపై భక్తినీ విడువలేదు. ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకోవలసి ఉంటుందని ఆయన భావించినట్లు ఆయన జీవితంలో ఎక్కడా కనబడదు.

తమిళనాట అనేక ఆలయాలలో గర్భగుడి వైపు అన్యమతస్థులకు ప్రవేశం లేదన్న బోర్డులు ఉంటాయి. నాదస్వరం నిలిచే చోటు అది కాదు. స్వామి వీధిలోకి వచ్చినప్పుడు ఆయనకు ముందు నడిచేది ఆ వాద్యం. లోపలికి పోలేనివారి వద్దకు స్వామి వస్తున్నాడని చెప్పేది అదే. చినమౌలానా తన వాద్యానికి ఎన్నుకొన్న స్థలం ఎంతటి విశాలమైనదో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఉత్తరదేశంలో బిస్మిల్లా ఖాన్ సాహెబ్ కథ లోకప్రసిద్ధం. కాశీ గంగ ఒడ్డున, విశ్వనాథుని ఆలయాల చెంత షెహనాయి వాయించి, పెళ్లి వాద్యాన్ని కచేరీ వేదిక మీదికి తెచ్చిన ఆయనకు 2001లో భారతరత్న లభించింది. షెహనాయికి ఆయన చేసినదానికి సాటి వచ్చే పని దక్షిణదేశంలో ఒక తెలుగు ముస్లిం చేశారని ఉత్తరాదిలో తెలిసినవారు తక్కువ. ఆ మాటకు వస్తే తెలుగునాట తెలిసినవారూ తక్కువే. ఇంటి బిడ్డను ఇరుగుపొరుగు మెచ్చిన తరువాత గాని మెచ్చని అలవాటు మనకు పాతదే.

సినిమాల పుణ్యమా అని నాదస్వరానికి నడుమ కొంత కాలం జనాదరణ పెరిగింది. కారుకురిచ్చి అరుణాచలం వాద్యం, జానకి గళం పోటీపడిన పాటతో 1962లో తెలుగులోకి వచ్చిన మురిపించే మువ్వలు చిత్రాన్ని మన పెద్దలు మరచి ఉండరు. 1968లో తమిళంలో వచ్చిన తిల్లానా మోహనాంబాళ్ చిత్రానికి వాయించినవారు మధుర సోదరులు సేతురామన్, పొన్నుసామి. చినమౌలానా మార్గం ఇది కాదు. ఆయన పేరు కచేరీలతోను, ఆలయాలతోను, ఆకాశవాణితోను పెరిగింది. తొందరపడని రాగాలాపన, గట్టి వాద్యంలోనూ చెదరని మాధుర్యం ఆయన గుర్తులు. శ్రీలంక, అమెరికా మొదలైన దేశాలలోనూ ఆయన కచేరీలు జరిగాయి.

1977లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, తమిళనాడు ప్రభుత్వపు కలైమామణి కూడా వచ్చాయి. పురస్కారాలన్నిటిని లెక్కపెట్టడం కంటె ఒక్కదాన్ని గురించి ఆగి చెప్పుకోవడం మంచిది. మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు కర్ణాటక సంగీతంలో అత్యున్నతమైనదిగా భావిస్తారు. అక్కడి డిసెంబరు సభలు నాదస్వరంతోనే ఆరంభమవుతాయి. కాని సభ ఆరంభించడానికి కావలసిన నాదస్వరం సభకు అధ్యక్షత వహించడానికి పనికివచ్చిన సందర్భాలు అరుదు. తిరువీళిమిళలై సుబ్రహ్మణ్య పిళ్ళైకి 1956లో ఆ గౌరవం దక్కింది. మహావిద్వాంసుడైన రాజరత్నం పిళ్ళైకి దక్కనేలేదు. అంతటి రాజరత్నం బాణీని నెత్తిన పెట్టుకొన్న చినమౌలానాకు 1998లో, 74 ఏళ్ల వయస్సులో, అది వచ్చింది. పందిరి మూల కూర్చునే మేళగాని విద్యకు సభాధ్యక్ష పీఠం దొరికింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 13న ఆయన కన్నుమూశారు.

బ్రతికి ఉండగానే ఆయన చేసిన మరో పని నేటికీ ఫలిస్తున్నది. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించారు. తాను పొందినట్లే విద్యను కులమత భేదం లేకుండా ఇవ్వడం దాని పద్ధతి. తెలుగు పల్లెల నుంచి బయలుదేరి తంజావూరు బాణీని వెదుక్కొంటూ వచ్చే పిల్లలకు ఇక నాచ్చియార్‌కోవిల్ వరకు పోయి పరాయి భాషలో తడబడవలసిన అవసరం లేకపోయింది. శ్రీరంగంలోనే తెలుగు తెలిసిన గురువు దొరికారు.

ఆయన మనుమలు కాసిం, బాబు ఆ విద్యను అందుకొని జంటగా కచేరీలు చేస్తున్నారు. తాతగారికి తొలి పాఠం చెప్పిన ముత్తాత పేరు ఆ విధంగా వేదికమీద మళ్లీ వినిపిస్తున్నది. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు కూడా ఆంధ్రదేశం నుంచి వచ్చి శ్రీరంగంలోనే స్థిరపడినవారు. ఊపిరి బలం కావలసిన పని గనుక స్త్రీలకు తగదని దూరం పెట్టిన వాద్యాన్ని భర్తతో సరిసమానంగా వాయించి కాలీషాబీ పేరు తెచ్చుకొన్నారు. ఆ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. భద్రాచల రాముని కొలువులో వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు అదే గౌరవం 2022లో, మరణానంతరం వచ్చింది.

ఇప్పుడు కల్యాణ మండపాలలో తాళికట్టు వేళ పెట్టెలో నుంచి వచ్చే నాదస్వరం ఎక్కువయింది. మేళానికి ఇచ్చే సొమ్ము మిగులుతుందని కొందరు, వాయించేవారు దొరకడం లేదని కొందరు అంటారు. ఒక సీవాళి ఎండకు ఎండి, వానకు నాని పలకనంటే, చొక్కా జేబులోంచి మరొకటి తీసి నోట తడిపి, శ్రుతి చూసుకొని, మళ్లీ ఊదే మనిషి ఆ పెట్టెలో లేడు. మాసి తేరు వేళ కారమడై వీధిలో మాత్రం అతడు ఇంకా నడుస్తున్నాడు, స్వామికి నాలుగడుగులు ముందుగా.